పర్సనల్ ట్రైనర్‌ను ఏం చూసి పెట్టుకోవాలి? హన్మకొండ స్టూడియోలో వేడి వేడి చర్చ

యాంకర్: నమస్కారం. హన్మకొండలో ఒక జిమ్‌లో కుర్రాడి భుజం జారిన వీడియో రెండు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది. పక్కనే ఉన్న పర్సనల్ ట్రైనర్ ఫోన్ చూసుకుంటున్నాడు. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు, ఇప్పుడు వాపసు ఇచ్చేది లేదంటున్నారు. ఈ రోజు అందరికీ సమాన సమయం. డాక్టర్ గారూ, భద్రకాళి బండ్ మీద నడిస్తే సరిపోదా, ఈ ట్రైనర్లు ఎందుకు?

డాక్టర్: నడక మంచిదే. వారానికి 150 నిమిషాలు అలాంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకూ పని ఉండాలంటోంది. ఆ రెండోది తెలిసినవాళ్ల దగ్గర...

జిమ్ యజమాని: అదే సార్ నేను చెప్పేది! ఒక్క నిమిషం. ఆ పిల్లగాడు మొదటి వారంలోనే బరువు ప్లేట్లు ఎక్కియ్యమని గొడవ చేసిండట. రీల్స్ చూసి వస్తరు. వద్దంటే పక్క జిమ్‌కు పోతానంటరు. ట్రైనర్ ఏం చేయాలె?

జిమ్ సభ్యురాలు: ఆపడానికే కదా సార్, వేరేగా డబ్బులు కట్టేది!

జిమ్ యజమాని: అమ్మా, నన్ను పూర్తి చేయనియ్యండి...

రిటైర్డ్ పీఈటీ: ఆ ట్రైనర్ ఏం చదివాడో ఎవరైనా అడిగారా? గోడకు ఎన్ఐఎస్, అంటే జాతీయ క్రీడా సంస్థ, అని సర్టిఫికెట్ ఫ్రేము కడతారు. పటియాలాలోని ఆ సంస్థలో ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. రెండూ ఆటల కోచింగ్ కోసం. అమెరికా సంస్థ ఏసీఈ ఇచ్చే ట్రైనర్ సర్టిఫికెట్ లాంటివైతే రెండేళ్లకోసారి రెన్యూ చేయించాలి. కాగితం మీద తేదీ చూడండి.

జిమ్ యజమాని: కాగితం బరువు లేపుతదా సార్? అనుభవం కావాలె, అనుభవం!

యాంకర్: నడకకైతే ఈ సర్టిఫికెట్ గొడవే లేదు. పొద్దున జేఎన్ఎస్ స్టేడియానికి పోతే...

సభ్యురాలు: మేడమ్, నడక సంగతి తర్వాత. నాకు రెండు సిజేరియన్లు అయ్యాయి. మొదటి రోజే క్రంచెస్, అదే పొట్ట కండరాల కసరత్తు, చేయించారు. ఆపరేషన్ అయిందా అని అడిగిన దిక్కు లేదు. మూడో రోజు మాత్రం ప్రొటీన్ డబ్బా కొంటారా అని అడిగారు.

డాక్టర్: అక్కడే తెలిసిపోతుంది. బీపీ, షుగర్, ఆపరేషన్లు, వాడే మందులు... ఇవి అడగకుండా బరువు చేతికిచ్చేవాడిని పెట్టుకోవద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు కసరత్తు మధ్యలో షుగర్ పడిపోవచ్చు...

జిమ్ యజమాని: ప్రొటీన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మనోళ్ల తిండిలో ప్రొటీన్ ఎక్కడుంది? ఆదివారం మటన్, మిగిలిన రోజులు అన్నం, సర్వపిండి!

యాంకర్: సర్వపిండిలో పల్లీలుంటాయి కదండీ?

పీఈటీ: శనగపప్పు కూడా.

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

డాక్టర్: డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు చూడండి. దాని మీద ట్రైనర్‌కు కమీషన్ ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.

జిమ్ యజమాని (గొంతు పెంచి): ఉంటే తప్పేంది? మీరు కట్టే పర్సనల్ ట్రైనింగ్ ఫీజు అంతా ట్రైనర్ చేతికి పోదు, వాటానే పోతది. అద్దె, కరెంటు, మెషిన్ల ఈఎంఐ ఎవరు కడతరు? జనవరిలో కిక్కిరిసిన జిమ్ మార్చికల్లా ఖాళీ. అందుకే ముందే కట్టించుకుంటం!

సభ్యురాలు: నా ట్రైనర్ మధ్యలో మానేశాడు. ఆడ ట్రైనర్‌ను ఇస్తామన్నారు, పొద్దున పూట లేరన్నారు. మిగిలిన డబ్బు ఇస్తామని రసీదులో ఎందుకు రాయరు?

పీఈటీ: రాయకపోతే 1915కు ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్...

జిమ్ యజమాని: చేసుకోండి! అనుభవం కావాలె అన్న కదా, మళ్లీ చెబుతున్నా, అనుభవం...

యాంకర్: ఆయన బాధలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. డాక్టర్ గారూ, పది సెకన్లలో చెప్పండి, నడక చాలంటారా?

డాక్టర్: చాలదని మొదట్లోనే చెప్పాను. డబ్బు కట్టే ముందు ఒక రోజు ట్రయల్...

జిమ్ యజమాని: ట్రయల్ పేరు మీద ఊరందరికీ ఫ్రీగా నేర్పాలా సార్?

యాంకర్: సమయం అయిపోయింది. చిన్న విరామం.

జిమ్ యజమాని: అప్పుడే విరామమా? నక్కలగుట్టలో పార్కింగ్ సంగతి నేను చెప్పనే లేదు!