మతిమరుపుకు మాత్ర అడిగే ముందు

నమస్కారమండీ. "నాన్నగారు అన్నీ మర్చిపోతున్నారు, మంచి టాబ్లెట్ ఏదైనా ఉంటే చెప్పండి" అని చాలామంది అడుగుతుంటారు. టాబ్లెట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు అది డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, అవునో కాదో, అయితే ఏ రకమో తేలాలి.

బి12 తగ్గినా, థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా, డిప్రెషన్ వచ్చినా పెద్దవాళ్లకు మతిమరుపు వస్తుంది. బాత్రూంలో జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలినా, కొన్ని వారాలకు పుర్రె లోపల రక్తం చేరి మనిషి తికమకపడొచ్చు. రక్తపరీక్షలు, ఒక స్కాన్ చేయిస్తే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి, వైద్యానికి లొంగుతాయి కూడా. కానీ "వయసైపోయింది, చాదస్తం" అని ఇంట్లోనే తేల్చేస్తున్నాం. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే.

ఇక అసలు డిమెన్షియాలో 60 నుంచి 70 శాతం అల్జైమర్సే. చనిపోయిన తన పేషెంట్ మెదడును మైక్రోస్కోప్‌లో పరీక్షించి, 1906లో జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జైమర్ దీన్ని వివరించారు. అమిలాయిడ్ అనే ప్రోటీన్ మెదడు కణాల మధ్య పేరుకుంటుంది, టావ్ అనేది కణాల లోపల చిక్కుపడుతుంది. అందుకే పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు, చిన్ననాటి ఊరు మాత్రం గుర్తుంటుంది.

మెదడు రక్తనాళాలు దెబ్బతింటే వచ్చేది వాస్క్యులర్ రకం. దీనికి బీపీ, షుగర్ అదుపులో పెట్టడం, సిగరెట్ మానడమే ముఖ్యమైన వైద్యం. మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపోరల్ రకంలో జ్ఞాపకం కన్నా ముందు ప్రవర్తన మారుతుంది.

లెవీ బాడీ రకం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. వీళ్లకు గదిలో లేని మనుషులు కనిపిస్తారు, నడక నెమ్మదిస్తుంది, నిద్రలో చేతులూ కాళ్లూ విసురుతారు. భ్రమలు తగ్గాలని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. రకం తేలాలి అనేది ఇందుకే.

అల్జైమర్స్‌కు వాడే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా తరిగిపోకుండా చూస్తాయి. వికారం, విరేచనాలు రావచ్చు, గుండె వేగం తగ్గొచ్చు. రివాస్టిగ్మిన్ చర్మం మీద అంటించే ప్యాచ్‌గా కూడా దొరుకుతుంది. జబ్బు ముదిరే దశలో మెమాంటిన్ ఇస్తారు. ఇవేవీ జబ్బును ఆపవు, కొంతకాలం రోజువారీ పనులకు ఆసరా ఇస్తాయి. గుణం కనిపించలేదని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. అది తొలి దశ వాళ్లకే, జబ్బు వేగం కొంత తగ్గుతుందంతే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐ తీయాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలూ, నిద్రమాత్రలూ కూడా. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి జలుబు మందు ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. డోనెపెజిల్ చేసే మేలును అది వెనక్కి లాగేస్తుంది.