ఇందిర తప్పేముంది?

నమస్కారమండీ. ఈ రెండు నెలల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో తీసుకుని చదివిన నవలల గురించి మాట్లాడమన్నారు. నాకిచ్చిన టైము పది నిమిషాలు, చదివిన నవలలు మూడు. మూడింటికీ సమానంగా పంచి చెబుదామని ఇంట్లో రాసుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నా మనసంతా ఒక్కదాని మీదే ఉంది. అందుకని మిగతా రెండూ ముందు చెప్పేస్తాను, ఆ ఒక్కదాని దగ్గర కాస్త తీరిగ్గా కూర్చుందాం.

మొదటిది రావిశాస్త్రి గారి 'అల్పజీవి'. అందులో సుబ్బయ్య అని ఒక గుమాస్తా ఉంటాడు. అతనికి భయం. ఆఫీసరంటే భయం, బావమరిదంటే భయం, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే భయం, ఇక కాంట్రాక్టరు గవరయ్య ఎదురుపడితే చెప్పక్కర్లేదు. ఆ గవరయ్య దగ్గర సుబ్బయ్య డబ్బు తీసుకున్న దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లినా అదే ధ్యాస. నేనూ చాలా ఏళ్లు ఫైళ్ల మధ్య పనిచేసినదాన్నే, సుబ్బయ్యలాంటివాళ్లను దగ్గరగా చూశాను. పై అధికారి గది ముందు నిలబడి చొక్కా గుండీ సరిచేసుకుని, మళ్లీ ఒకసారి సరిచేసుకుని, లోపలికి వెళ్లకుండానే తమ సీటుకి తిరిగొచ్చేసే మనుషులు. అప్పట్లో మేమంతా వాళ్లను చూసి నవ్వుకునేవాళ్లం. ఈ నవల చదువుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి బాధేసింది.

రెండోది దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు'. నిజాం కాలంలో తెలంగాణలో ఒక పల్లె, అక్కడ దొర గడి, అంటే కోటలాంటి ఇల్లు, వెట్టి చాకిరి, ఆ గడిలో ఆడబాపలుగా, అంటే దాసీలుగా, బతుకు తెల్లారిపోయిన ఆడపిల్లలు. ఆ ఊరికి విజయవాడ వైపు నుంచి సారంగపాణి అనే సంగీతం మాస్టారు వస్తాడు, అతని వెంట మనమూ ఆ ఊళ్లోకి అడుగుపెడతాం. నాది కోస్తా వైపు. సంభాషణలు నా అంతట నేను చదువుకుంటే సగం రుచి పోతోందని, మహబూబాబాద్ దగ్గర పుట్టి పెరిగిన మా పక్కింటావిడను పిలిచి పైకి చదివించుకున్నాను. రెండు మధ్యాహ్నాలు చదివిందావిడ. వనజ అనే ఆడబాప గురించి వచ్చిన చోట గొంతు ఆగిపోయింది, కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుచుకుని, "మా నాయనమ్మ చెప్పేది వదినా, ఇట్లనే చెప్పేది" అంది. నేనింకేమీ అడగలేదు. ఈ నవలను మాత్రం పైకి చదవండి, వీలైతే ఆ మాట పలికే మనిషితో చదివించుకోండి.

ఇక మూడోది. డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'.

శ్రీదేవి గారు వైద్యురాలు. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో ఈ నవల సీరియల్‌గా వచ్చింది. అప్పటికి ఆవిడకి ముప్పై నిండలేదు. 1929లో పుట్టి 1961లో వెళ్లిపోయారు. మనకు మిగిల్చిన నవల ఇదొక్కటే. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారం ఈ నవలే, కానీ సినిమా చూశాం కదా, కథ తెలుసులే అనుకోకండి, నవల వేరు.

విశాఖపట్నంలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఇందిర, ఆమె తండ్రి. తండ్రికి సంపాదన లేదు, వ్యసనాలున్నాయి, ఇందిర ఉద్యోగం చేసి తెచ్చే జీతం మీద ఇల్లు నడుస్తుంది. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం అద్దెకుంటాడు. అదే ఇంట్లోకి కల్యాణి అనే చదువుకునే అమ్మాయి కూడా అద్దెకొస్తుంది. నెమ్మదైన పిల్ల, కష్టం పైకి చెప్పుకోదు. ప్రకాశానికి కల్యాణి అంటే ఇష్టం కలుగుతుంది. అది ఇందిర కంట్లో పడుతుంది. పడ్డాక ఊరుకునే మనిషి కాదు ఇందిర. ప్రకాశాన్ని తనవైపు తిప్పేసుకుంటుంది.

నేను దీన్ని మొదటిసారి డిగ్రీ చదివే రోజుల్లో చదివాను. హాస్టల్లో ఒకే కాపీ ఉండేది, ఎనిమిది మందిమి వంతులేసుకుని చదివాం. చదివి, ఎనిమిది మందిమీ కల్యాణి పక్షం. ఇందిర అంటే ఒళ్లుమంట. ఇంకో పిల్ల నోటి దగ్గర కూడు లాక్కుంటుందా, పైగా ఆ నోరేమిటి, ఆ తెగింపేమిటి అని రాత్రి లైట్లార్పేదాకా తిట్టుకున్నాం.

ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, గ్రంథాలయంలో తీసుకున్న ఈ ప్రతిలో ఒకచోట మార్జిన్లో పెన్సిలుతో ఎవరో రాశారు: "ఇందిర తప్పేముంది?" దాని కిందే నీలం ఇంకుతో, వేరే చేతిరాత, ఒక్కటే మాట: "ఉంది." ఇంకు బాగా పాతది, వెలిసిపోయింది. గ్రంథాలయం పుస్తకాల మీద రాయకూడదు, ఎవరూ రాయకండి, ఆ మాట గట్టిగానే చెబుతున్నాను. కానీ ఆ రెండు గీతల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే హాస్టల్లో ఉన్నప్పుడు నన్నడిగితే నేనూ "ఉంది" అనే రాసేదాన్ని.

ఇప్పుడు రాయలేను. మా బంధువుల్లో ఒకావిడ ఉండేది, వరసకి అక్క. పద్దెనిమిదేళ్లకే ఉద్యోగంలో చేరింది. ఒకటో తారీఖు సాయంత్రం వాళ్ల నాన్న బస్టాపులో నిలబడి ఉండేవాడు, కూతురు బస్సు దిగగానే చేయి చాపేవాడు. ఆవిడ పర్సు తెరిచి కవరు అలాగే ఇచ్చేసేది, అందులోంచి రేపటి బస్సు చార్జీకి మళ్లీ అడిగి తీసుకునేది. సంబంధాలు వచ్చాయి, ఏదో ఒక వంకన వెనక్కి పోయాయి. వంక ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆవిడ మాట కటువుగా ఉండేది. పెళ్లిళ్లలో ఆవిడ పక్కన కూర్చోడానికి మేమెవరం ఇష్టపడేవాళ్లం కాదు. ఆ కటువుదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించేంత వయసు మాకు అప్పుడు లేదు.

అది మనసులో పెట్టుకుని ఈసారి ఇందిరను చదివాను. చదువుతుంటే ఆమె మాటలన్నీ వేరేగా వినిపించాయి. ఆమె తప్పే చేయలేదని నేననను, కల్యాణికి జరిగింది చిన్న బాధ కాదు. కానీ ఇందిర తన మనసులో ఉన్నదాన్ని తన దగ్గర దాచుకోదు. నాకు ఇది కావాలి అంటుంది. ప్రకాశాన్ని ఎదురుగా నిలబెట్టి పెళ్లి సంగతి సూటిగా అడుగుతుంది. మరి ఆ ప్రకాశం? రేపో మాపో డాక్టరు కాబోయే మనిషి, ఊరి నుంచి మేనమామ వచ్చేసరికి నోట మాట రాదు. తీసుకెళ్తే వెళ్లిపోతాడు.

ఇక్కడ నాకు 'అల్పజీవి' సుబ్బయ్య గుర్తొచ్చాడు. రెండు నవలలూ పక్కపక్కన చదవబట్టి గుర్తొచ్చాడేమో. ఇద్దరూ విశాఖ మనుషులే, ఒకరిని రాసింది లాయరు, ఒకరిని రాసింది డాక్టరు. ప్రకాశం చదువుకున్న సుబ్బయ్య, నాకైతే అలాగే అనిపించింది. చదువు వల్ల భయం పోలేదు. ఆ భయానికి మంచితనం అని పేరొచ్చింది, అంతే. హాస్టల్లో మేం ఎనిమిది మందిమీ ఇందిరను తిట్టాం గానీ, ప్రకాశాన్ని ఒక్క మాట అనలేదు. పాపం మెతక మనిషి అనుకున్నాం. ఒక్కరమూ అనలేదండీ, ఒక్కరమూ.

తర్వాత ఏమవుతుందో చెప్పను, చదవండి. అసలు నాకూ వెంటనే తెలియలేదు, మొదటిసారి చదివిన ముగింపు మరిచిపోయాను, ఈ ప్రతిలో చూస్తే చివరి నాలుగు ఆకులు లేవు. చిరిగిపోయి ఎప్పుడో ఊడిపోయాయి. రాత్రి పదకొండున్నరకి ఆ సంగతి తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బస్సెక్కి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, అక్కడ ఇంకో ప్రతి వెతికి పట్టుకుని, బీరువాల మధ్య నిలబడే చదివేశాను.

టైము దగ్గరపడింది, ఒక్క ముక్క చెప్పి ఆపేస్తాను. మొన్న ఎవరో నన్నడిగారు, ఇన్ని పుస్తకాలు చదవాలంటే బోలెడు ఖర్చు కదా అని. మీరు ఇంటి పన్ను కడుతున్నారా? కడుతుంటే ఆ పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్ధతి అది. ఈసారి రసీదు వచ్చినప్పుడు చూడండి. అంటే ఆ పుస్తకాల డబ్బులో మీ డబ్బూ ఉంది. సభ్యత్వానికి చిన్న డిపాజిట్ కడతారు, మానేసిన రోజున అది తిరిగిచ్చేస్తారు. మా ఊళ్లో అయితే ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు, మీ ఊళ్లో వేళలు ఒకసారి కనుక్కోండి. కావలసిన నవల లేకపోతే అక్కడి సూచనల పుస్తకంలో పేరు రాయండి. రాసి ఊరుకోకుండా, మళ్లీ వెళ్లినప్పుడు వచ్చిందా అని అడగండి. నేను అడిగి అడిగి రెండు నవలలు తెప్పించాను.

'కాలాతీత వ్యక్తులు' శనివారం తిరిగి ఇచ్చేస్తున్నాను. మా ఊరివాళ్లెవరైనా వింటుంటే ఆదివారం వెళ్లి తీసుకోవచ్చు. లేని నాలుగు ఆకులూ కేంద్ర గ్రంథాలయంలో అడిగి జిరాక్స్ తీయించాను, గ్రంథాలయం ఆయనకు చెప్పి చివర్లో అతికించాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, ఆ పేజీలు కాస్త మెల్లగా తిప్పండి. నమస్కారం.