టోపీ ఒక్కటి చాలు

అందరికీ నమస్కారం. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లలో, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలేస్తూ కథ అల్లే ఆటల్లో, వేషాల గురించి మాట్లాడమని పిలిస్తే మామూలు చొక్కాలో వచ్చానేంటా అనుకుంటున్నారేమో. పూర్తి వేషం నేను కట్టింది ఒక్కసారే. అది చాలు.

అప్పుడు నాది ముసలి మాంత్రికుడి పాత్ర. నేల మీద జీరాడే నల్లటి అంగీ, వేలాడే వెడల్పాటి చేతులు, పెట్టుడు గడ్డం. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం. ఆ తర్వాత గడ్డం దురద, గంటకల్లా చెమట. అసలు దెబ్బ వంతెన మీద పోరాటంలో పడింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇరవై ముఖాల పాచిక అందుకుందామని చెయ్యి చాపాను. అంగీ చెయ్యి మ్యాప్ మీదున్న బొమ్మలన్నిటినీ ఊడ్చేసింది. మావాళ్ళూ శత్రువులూ కలిసికట్టుగా నేలకూలారు. ఎవరు ఎక్కడున్నారో తేల్చడానికి పావుగంట పట్టింది. తగువు దానికి అదనం.

నిజానికి ఈ ఆట పుట్టింది వేషాలతో కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూలాలు చిన్న చిన్న బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటల్లో ఉన్నాయి. కవచాలూ కత్తులూ బొమ్మకే, మనిషికి కాదు. వేషాల సరదాది వేరే దారి. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు కాలపు దుస్తులేసుకుని వచ్చారు. ఆ బట్టలు కుట్టింది డగ్లసే, పేరు మాత్రం చాలాకాలం ఆకర్‌మన్‌కే వచ్చింది. తర్వాత, పాత్రలో ఉంటూ నిజంగానే పరుగులు తీసే లార్ప్ ఆటలు వచ్చాయి. 1982లో ఇంగ్లండ్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో మొదలైన ట్రెజర్ ట్రాప్ అలాంటిదే. అక్కడ ఎదుటివాళ్ళకి కనిపించేది మీ ఒళ్ళే కాబట్టి వేషం తప్పదు. బల్ల దగ్గర ఆ అవసరం లేదు. "నేను ఏడడుగుల రాక్షసుణ్ణి" అంటే అయిపోయింది.

మరి వేషం దేనికి? నా లెక్కలో దాని అసలు ఉపయోగం అందం కాదు, గుర్తు. బల్ల దగ్గర రోజూ వచ్చే చిక్కే చూడండి. "ఈ రాజుగారు ఒట్టి మోసగాడు" అని ఒకరంటారు. "రాజుగారు విన్నారు" అంటాడు గేమ్ మాస్టర్, అంటే కథ నడుపుతూ మిగతా పాత్రలన్నీ తానే పోషించేవాడు. "అయ్యో, అది నేనన్నాను, నా పాత్ర కాదు!" మా గుంపులో దీనికి టోపీ మందు. తల మీదుంటే పాత్ర మాట, తీసి బల్ల మీద పెడితే మనిషి మాట. అంతే, సగం తగువులు పోయాయి. గేమ్ మాస్టర్‌కి ఒక పాత శాలువా ఉంటే ఇంకా మేలు. భుజాల మీద కప్పుకుంటే ముసలమ్మ, తలకి చుట్టుకుంటే ఓడ సరంగు. గొంతు మార్చడం రానివాళ్ళకి ఇది పెద్ద అండ.

నోరు కప్పే మాస్కులు మాత్రం వద్దు. బల్ల అవతలి కొసన ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క వినపడదు. కొత్తగా వచ్చినవాళ్ళని వేషం వేయమని బలవంతపెట్టడం అంతకన్నా తప్పు. ఆట నియమాలతోనే వాళ్ళకి సగం టెన్షన్.

మా గుంపులో ఒకాయన మహా మితభాషి. ఆయనది వర్తకుడి పాత్ర. ఒకసారి పెద్ద ఇత్తడి ఉంగరం ఒకటి పెట్టుకొచ్చారు. దాన్ని వేలి చుట్టూ తిప్పుతూ, గేమ్ మాస్టర్ చెప్పిన ప్రతి ధరకీ పెదవి విరిచి బేరం మొదలుపెట్టారు. అలా రెండేళ్ళు సాగింది. చివరికి ఆ వర్తకుడు ఒక గుహలో చనిపోయాడు. ఆయన ఏమీ అనలేదు. ఉంగరం తీసి, పాత్ర వివరాలుండే కాగితం, అదే క్యారెక్టర్ షీట్ మీద పెట్టారు. కాసేపు ఎవరం పాచిక ముట్టలేదు.

తర్వాతి సెషన్‌కి ఆయన ఒట్టి చేతులతోనే వచ్చారు, ముక్కు మీద మాత్రం అద్దాల్లేని కళ్ళజోడు ఉంది.