ఊర్వశి నోరు జారిన రాత్రి: కాళిదాసు నాటకాన్ని ఏడుపు నవలగా రాస్తే

తమ్ముడు: ఆ, రికార్డ్ అవుతోంది. అందరికీ నమస్తే. ఈ వారం గెస్ట్ ఎవరూ దొరక్క మా అక్కనే కూర్చోబెట్టా.

అక్క: దొరక్క అంటావేంట్రా, రెండు నెలల్నుంచి నవల గురించి చెప్పు చెప్పు అని నా వెంట పడింది నువ్వే కదా.

తమ్ముడు: సరే సరే. విషయం ఏంటంటే, కాళిదాసు రాసిన విక్రమోర్వశీయం నాటకాన్ని మా అక్క ఫ్యాంటసీ లవ్ స్టోరీగా నవల రాస్తోంది, అదీ చివర్లో ఏడుపుతో. నా మొదటి డౌట్, శాకుంతలం అయితే అందరికీ తెలుసు కదా, ఉంగరం, చేప, దుర్వాసుడు, అది వదిలేసి ఇదెందుకు?

అక్క: అందరికీ తెలుసు కాబట్టే వదిలేశా. పైగా శకుంతలకి శాపం బయట్నుంచి వచ్చి పడింది, ఎవరో కోపిష్టి ముని గుమ్మంలో నిలబడి పిలిచాడు, ఈ పిల్ల పరధ్యానంలో వినలేదు, అంతే. ఊర్వశికి శాపం ఎలా వచ్చిందో తెలుసా? స్టేజి మీద డైలాగ్ తప్పు చెప్పి.

తమ్ముడు: నిజంగానా?

అక్క: నిజంగా రా. స్వర్గంలో భరతముని నాటకం వేయిస్తున్నాడు, పేరు లక్ష్మీస్వయంవరం. ఊర్వశి లక్ష్మి వేషం, మేనక వారుణి వేషం. మేనక అడుగుతుంది, ముల్లోకాల మొనగాళ్ళందరూ వచ్చారు, విష్ణువు కూడా వచ్చాడు, నీ మనసు ఎవరి మీదుంది అని. ఈవిడ చెప్పాల్సింది పురుషోత్తముడు అని. నోట్లోంచి వచ్చింది పురూరవుడు అని, భూమ్మీద తను మనసిచ్చిన రాజు పేరు.

తమ్ముడు: అయ్యో! అసలు రెండూ 'పురు'తోనే మొదలవుతాయి కదా.

అక్క: అదే కదా నేను చెప్పేది! సగం మాట వరకు కరెక్టే, మిగతా సగంలో దొరికిపోయింది. కానీ చూడు, కాళిదాసు ఆ సీన్‌ని మనకి చూపించడు. మూడో అంకం మొదట్లో భరతుడి శిష్యులిద్దరు మాట్లాడుకుంటుంటే తెలుస్తుంది, అయిపోయిన గొడవ గురించి మర్నాడు టీ కొట్టు దగ్గర చెప్పుకున్నట్టు. నాకు అక్కడ చెయ్యి దురద పెట్టింది. నవలలో నా రెండో చాప్టర్ మొత్తం ఆ ఒక్క మాటే, మేనక మొహం మారడం, వెనకాల వాయిద్యాలు ఒకటొకటే ఆగిపోవడం, ఊర్వశికి మాత్రం తానేమన్నదో ఇంకా తెలియకపోవడం.

తమ్ముడు: బాగుంది. అంటే భరతుడు శపించాడు, భూమ్మీదకి పొమ్మన్నాడు.

అక్క: నీకిక స్వర్గంలో చోటు లేదు అన్నాడు. ఊర్వశి సిగ్గుతో తల దించుకుంటే ఇంద్రుడు కొంచెం మెత్తబడి, సరే, పురూరవుడు నాకు యుద్ధాల్లో సాయం చేసేవాడే, వెళ్ళి అతనితో ఉండు, కానీ నీకు పుట్టిన బిడ్డ మొహం అతను చూసేదాకానే అని కండిషన్ పెట్టాడు.

తమ్ముడు: ఇదేంటి వీసా రూల్ లాగా ఉంది! పిల్లాడు కనబడగానే స్టేటస్ పోతుంది, ఇంటికి పొమ్మంటారు.

అక్క: (నవ్వు) నవ్వుతున్నావ్ గానీ నవలకి ప్రాణం అక్కడే ఉంది. ఫ్యాంటసీ రాసేవాళ్ళు మ్యాజిక్ సిస్టమ్ అని తెగ బుర్రలు బద్దలు కొట్టుకుంటారు కదా, ఎన్ని రాజ్యాలు, ఎన్ని శక్తులు, ముందు పేజీలో మ్యాపు. ఇక్కడ రూల్ ఒకే ఒక్కటి, అదీ ఒక్క చూపు. మొగుడు కావాలంటే బిడ్డని దాచాలి, బిడ్డని చేరదీస్తే మొగుడు పోతాడు. ఆవిడ ఏం చేసిందంటే, కనగానే తీసుకెళ్ళి చ్యవన మహర్షి ఆశ్రమంలో సత్యవతి అనే తాపసి చేతిలో పెట్టేసింది. పిల్లాడి పేరు ఆయువు.

తమ్ముడు: మరి రాజుగారికి తెలియలేదా? ఇంట్లో భార్య కడుపుతో ఉంటే?

అక్క: ఆయన అయిదో అంకంలో అదే అంటాడు, నైమిశంలో యాగం చేసినప్పుడు తప్ప నేను ఆమెని విడిచి ఉన్నదే లేదే, ఈ కొడుకు ఎప్పుడు పుట్టాడు అని. కొన్నాళ్ళు మొహం పాలిపోయినట్టు మాత్రం గుర్తుందట.

తమ్ముడు: పాలిపోయినట్టు గుర్తుంది, అడగలేదు. మగాళ్ళం ఇంతే అక్కా, వదిలెయ్.

అక్క: వదలను, దాని మీద ఒక చాప్టర్ ఉంది.

తమ్ముడు: సరే గానీ నాటకంలో శుభం కార్డు పడుతుంది కదా. నారదుడు దిగొచ్చి అంతా సెట్ చేసేస్తాడు. కాళిదాసు అంత చక్కగా కలిపితే నువ్వు విడదీయడం ఏంటి, ట్రెండ్ కోసమా?

అక్క: నేను విడదీయట్లేదు రా, వాళ్ళు ముందే విడిపోయారు. కాళిదాసు కంటే చాలా పాతది ఋగ్వేదం, పదో మండలం తొంభై అయిదో సూక్తం, 18 ఋక్కులు, అంతా పురూరవుడికి ఊర్వశికి మధ్య సంభాషణే. మొదలవడమే ఆయన బతిమాలుతూ మొదలవుతుంది, 'హయే జాయే మనసా తిష్ఠ ఘోరే' అని. ఆగవే, కఠినురాలా, కాస్త ఆగి మాట్లాడు అని. ఆవిడేమో నీతో మాట్లాడి ఏం చెయ్యను, తొలి ఉషస్సులా దాటిపోయా, గాలిలాంటిదాన్ని, దొరకను, ఇంటికి పో అంటుంది.

తమ్ముడు: అబ్బా, అంత కట్టెవిరిచినట్టా!

అక్క: అంతే. ఆయన చచ్చిపోతానంటాడు, తోడేళ్ళు తినేస్తాయి నన్ను అంటాడు. చావకు, ఆడవాళ్ళతో స్నేహం అనేది ఉండదు, వాళ్ళవి సాలావృకాల గుండెలు, అంటే తోడేళ్ళలాంటి మృగాల గుండెలు అని ఆవిడే చెప్తుంది, తన గురించి తనే. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. ఒకచోట అంటుంది, మనుషుల మధ్య నాలుగు శరత్తులు ఉన్నాను, రోజుకి ఒక్కసారి ఒక్క నేతిబొట్టు తిన్నాను, దాంతోనే ఇప్పటికీ తృప్తిగా తిరుగుతున్నాను అని.

తమ్ముడు: నేతిబొట్టా?

అక్క: అవును. అప్సరస అన్నం తినదు, రోజుకో నేతిబొట్టు, అంతే. ఆ ఋక్కు చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొడుకు ఊసు కూడా ఉంది అందులో, పుట్టినవాడు ఎప్పుడో తండ్రిని వెతుక్కుంటాడు, తెలిసాక ఏడుస్తాడు అని. అంటే ఏడుపు అక్కడ ముందే ఉంది. తర్వాత శతపథబ్రాహ్మణం అనే వైదిక గ్రంథం దానికి కథ అల్లింది, పొట్టేలు పిల్లలు, గంధర్వుల దొంగతనం, మెరుపు వెలుగులో ఆయన దిగంబరంగా కనపడ్డం, అదంతా పెద్ద కథ, ఈసారి చెప్తా. కాళిదాసు ఇదంతా తీసుకుని మంచి ముగింపు కట్టాడు, ఎందుకంటే మన నాటకాల్లో విషాదాంతం ఆచారం కాదు, భాసుడి ఊరుభంగం లాంటిది ఎక్కడో ఒకటి.

తమ్ముడు: నువ్వు ఇంటర్లో సంస్కృతం తీసుకున్నావ్ కదా, అప్పుడే చదివావా ఇదంతా?

అక్క: (నవ్వు) నీకు తెలియదా, మార్కుల కోసం తీసుకున్నా, శబ్దాలు బట్టీ పట్టా, నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. ముప్పై దాటాక తెలుగు టీకాతాత్పర్యాలు పెట్టుకుని ఒక్కో శ్లోకం చదివా. ఇంకో సరదా సంగతి, ఈ నాటకానికి పాత వ్యాఖ్యానాల్లో ఒకటి మనవాడిదే. కొండవీటి కుమారగిరిరెడ్డికి మంత్రి, బంధువు కూడా, కాటయవేముడు. కాళిదాసు మూడు నాటకాలకీ రాశాడు.

తమ్ముడు: అబ్బో! మరి నాలుగో అంకం చెప్పు, నువ్వు ఫోన్‌లో అరగంట పొగిడావ్.

అక్క: ఆ! గంధమాదనంలో వీళ్ళు విహారానికి వెళ్తారు, మందాకిని ఇసుకలో ఆడుకుంటున్న విద్యాధర పిల్లని ఈయన కాస్త ఎక్కువసేపు చూస్తాడు.

తమ్ముడు: చూశావా, మళ్ళీ చూపే.

అక్క: ఓహ్, అది నాకు తట్టలేదు రా, రాసుకుంటా ఉండు. ఊర్వశి అలిగి, ఆడవాళ్ళు అడుగుపెట్టకూడని కుమారవనంలోకి వెళ్ళిపోయి తీగ అయిపోతుంది. ఈయనకి పిచ్చెక్కి నెమలిని అడుగుతాడు, కోకిలని అడుగుతాడు, హంసని, ఏనుగుని, నదిని, కొండని కూడా అడుగుతాడు. ఆ శ్లోకం విను, 'సర్వక్షితిభృతాం నాథ దృష్టా సర్వాంగసుందరీ, రామా రమ్యే వనాంతేఽస్మిన్ మయా విరహితా త్వయా'. క్షితిభృత్తు అంటే కొండ, రాజు, రెండూ. కొండల రాజా, నాకు దూరమైన సుందరి నీకు కనబడిందా అని అడిగాడు. కొండ నుంచి ప్రతిధ్వనిగా అదే శ్లోకం తిరిగొచ్చింది, ఇప్పుడు దానర్థం, రాజులకు రాజా, నీకు దూరమైన సుందరి నాకు కనబడింది అని.

తమ్ముడు: ఆగాగు. అక్షరం మారకుండా ప్రశ్నే జవాబు అయిపోయిందా?

అక్క: అయిపోయింది. కాసేపు పొంగిపోతాడు, తర్వాత తెలుస్తుంది తన గొంతే అని. దీన్ని తెలుగులో తేవడానికి నేను మూడు వారాలు కొట్టుకున్నా, శ్లేష కుదిరి చావలేదు. చివరికి శ్లోకం వదిలేసి, 'చూశావా' అని అరిస్తే లోయలోంచి 'చూశా' మాత్రం వినబడి 'వా' గాలికి పోయినట్టు రాశా.

తమ్ముడు: అక్కా, అది చాలా బాగుంది.

అక్క: కాళిదాసు ముందు తేలిపోతుంది లే. తర్వాత సంగమనీయమణి దొరుకుతుంది, విడిపోయినవాళ్ళని కలిపే మణి. అది పట్టుకుని, పూలు లేక వాన నీటికి చిగుళ్ళు తడిసి ఏడ్చినట్టున్న తీగని కౌగిలించుకుంటే ఊర్వశి అయిపోతుంది. ఇంటికొచ్చాక ఆ ఎర్రటి మణిని మాంసం ముక్క అనుకుని గద్ద తన్నుకుపోతుంది. ఎవరో బాణం వేసి కొడతారు. ఆ బాణం మీద పేరు చెక్కి ఉంది, ఊర్వశికీ పురూరవుడికీ పుట్టిన కుమారుడు ఆయువు అని. అంటే కలిపిన మణే విడదీయడానికి దారి చూపించింది, తండ్రికి కొడుకు సంగతి బాణం చెప్పింది. ఆశ్రమంలో హింస చేశాడని పిల్లాడిని సత్యవతి తెచ్చి అప్పజెప్పేస్తుంది. ఊర్వశి వచ్చి చూస్తుంది, పైట పాలతో తడిసిపోతుంది, మరుక్షణం ఇంద్రుడి మాట గుర్తొచ్చి ఏడుస్తుంది.

తమ్ముడు: అప్పుడు నారదుడు.

అక్క: అప్పుడు నారదుడు. రాక్షసులతో యుద్ధం రాబోతోంది, నువ్వు కత్తి పక్కన పెట్టి అడవికి పోవద్దు, ఊర్వశి నీతోనే ఉంటుంది అని. ప్రేమ చూసి కరిగి కాదు రా, ఇంద్రుడికి సైనికుడు కావాలి, అందుకు! ఎంతకాలం ఉంటుంది అంటే, 'యావదాయుః'. నీ ఆయువు ఉన్నంతవరకు.

తమ్ముడు: కొడుకు పేరు...

అక్క: ఆయువు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ముందు కండిషన్, ఆయువుని చూసేదాకా. ఇప్పుడు కండిషన్, ఆయువు తీరేదాకా. ఆవిడకి చావు లేదు, ఆయనకి ఉంది. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయే చోట నా నవల మూడో భాగం మొదలవుతుంది. నారదుణ్ణి తీసెయ్యలేదు, ఆయన చెప్పిన మాట ఒక్కటీ మార్చలేదు.

తమ్ముడు: నేనైతే ఆ యుద్ధంలోనే హీరోని చంపేసేవాణ్ణి. పెద్ద ఫైటు, ఒళ్ళో తల, వాన.

అక్క: నాకు తెలుసు నువ్వు అదే అంటావని. వద్దు రా. ముసలాడై పోతాడు, మామూలుగా, మోకాళ్ళ నొప్పులతో. పక్కన మొదటి భార్య ఔశీనరి కూడా ముసలిదైపోతుంది, ఈవిడ మాత్రం అలాగే ఉంటుంది. ఒకప్పుడు వెన్నెల్లో, చంద్రుడి సాక్షిగా, నా భర్త ఎవరిని కోరుకున్నా ఆమెతో కలిసిమెలిసి ఉంటాను అని వ్రతం పట్టిన మనిషి ఆ ఔశీనరి. ఊర్వశికి వయసంటే ఏంటో నేర్పించేది ఆవిడే నా నవలలో.

తమ్ముడు: చివరి పేజీ చదువు. ప్లీజ్.

అక్క: ఇంకా డ్రాఫ్టే. 'ఊర్వశి తిరిగొచ్చింది. ఎన్నేళ్ళు వెళ్ళొచ్చావని అడగడం స్వర్గంలో ఎవరికీ రాదు, అక్కడ ఏళ్ళు లేవు. నేస్తం చిత్రలేఖ అమృతం పాత్ర తెచ్చి ముందు పెట్టింది. ఊర్వశి దాన్ని చూసి, పక్కకి జరిపి, ఒక్క నేతిబొట్టు ఉందా అని అడిగింది. నెయ్యి అంటే ఏంటని అడిగింది చిత్రలేఖ.' అంతే.

తమ్ముడు: ...

అక్క: ఏంట్రా, ఏమైంది?

తమ్ముడు: ఏం లేదు, ఆగు. అమ్మ చదివిందా ఇది?

అక్క: చదివింది. మొత్తం చదివి కళ్ళద్దాలు తీసి, ఇదంతా సరే గానీ ఆ పిల్లాడికి అన్నేళ్ళు అన్నం ఎవరు పెట్టారే అని అడిగింది. సత్యవతి అని చెప్పా. మరి ఆవిడ గురించి పేజీన్నర కూడా లేదేంటి, పెంచినదాని దగ్గర్నుంచి లాక్కున్నారు కదా, ఆవిడ ఏడవదా అంది. అందుకే మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నా, ఇప్పుడు ఆశ్రమం గుమ్మంలో మొదలవుతోంది.