ముందు వల, ఆ తర్వాతే పిల్లి: అపార్ట్‌మెంటులో రెస్క్యూ పిల్లిని పెంచుకోవడం

[దృశ్యం: హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు బాల్కనీ. పిట్టగోడ మీద పావురం వాలి ఉంటుంది. గది గుమ్మంలో కూర్చున్న పిల్లి దాన్నే చూస్తూ ఉంటుంది.]

వ్యాఖ్యాత: నమస్కారం. వీధిలో దొరికిన పిల్లిని గాని, జంతు సంరక్షణ సంస్థ కాపాడిన పిల్లిని గాని ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు సాధారణంగా ముందుగా అడిగేది దానికి ఏం తిండి పెట్టాలని. దానికంటే ముందు చూసుకోవలసింది మీ ఇంటి కిటికీలను, బాల్కనీని, బాత్‌రూం వెంటిలేటరును. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సమయం వాటికే కేటాయిస్తున్నాను.

పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ల మీదే నిలుస్తుందని మనవాళ్లు ధీమాగా చెబుతారు. గాలిలోనే ఒళ్లు తిప్పుకొని కాళ్లను కిందికి తెచ్చుకునే నేర్పు దానికి నిజంగానే ఉంది. అయితే కాళ్ల మీద పడినంత మాత్రాన దెబ్బ తగలకుండా పోదు. న్యూయార్క్ నగరంలో ఎత్తయిన భవనాల నుంచి పడి ఒక జంతు వైద్యశాలకు వచ్చిన 132 పిల్లుల వివరాలను అక్కడి పశువైద్యులు 1987లో ప్రచురించారు. చికిత్స పొందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి. ఆ అంకెను చూసి ఊరట పొందేవారు ఒక సంగతి గమనించరు: కింద పడి అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి మోసుకురారు, కాబట్టి అది ఆ లెక్కలోకి రానే రాదు. బతికిన పిల్లుల్లో కూడా ఊపిరితిత్తులకు దెబ్బలు, అంగిలి చీలడం, కాళ్లు విరగడం వంటివి విరివిగా కనిపించాయి.

[దృశ్యం: తడిసిన గ్రానైటు పిట్టగోడ, దగ్గరగా.]

పిల్లి కావాలని దూకదు. పావురం మీదే చూపు నిలిపి ముందుకు వంగినప్పుడు, వానకు తడిసిన గ్రానైటు మీద గోళ్లకు పట్టు దొరకక జారిపోతుంది. లేదా పిట్టగోడ మీద పడుకొని నిద్రలో పక్కకు ఒత్తిగిలుతుంది. మా పిల్లి చాలా తెలివైనది, అంచుకు పోదు అనే మాట నేను తరచూ వింటుంటాను. తెలివికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు వల సంగతి చూద్దాం. పావురాల కోసం కట్టించిన నైలాన్ వల మన నగరాల్లోని చాలా ఇళ్లలో ముందే ఉంటుంది. బయటి నుంచి వచ్చే పావురాన్ని ఆపడానికి అది సరిపోతుంది గాని, లోపలి నుంచి నాలుగు కిలోల జంతువు పరుగున వచ్చి మీద పడితే ఆపుతుందని చెప్పలేం. దాన్ని ఇలా పరీక్షించండి. మొదట నాలుగు మూలల్లోనూ అరచేతితో గట్టిగా బయటికి నెట్టండి. కొక్కెం కదిలినా, వలకూ గోడకూ మధ్య మీ పిడికిలి దూరేంత సందు ఏర్పడినా ఆ మూల పనికిరాదు. తర్వాత కింది అంచును చూడండి. వల కట్టేవారు పైభాగాన్ని శ్రద్ధగా బిగించి, నేలకు దగ్గరగా ఉన్న చోట కొక్కేలను దూరదూరంగా కొట్టి వదిలేస్తుంటారు. పిల్లి తల పెట్టి తోసేది సరిగ్గా అక్కడే. చివరగా ఒక దారాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలపండి. ఎండకు చివికిన నైలాన్ పొడిపొడిగా రాలుతుంది, అలా రాలితే వల మొత్తం మార్చవలసిందే. వల కన్నాలు రెండు అంగుళాలు ఉంటే చిన్న పిల్లిపిల్ల తల అందులో దూరుతుంది, కాబట్టి పిల్లలను తెచ్చుకునేవారు చిన్న కన్నాల వల అడిగి వేయించుకోవాలి. అందంగా ఉంటాయని ఈ మధ్య బిగిస్తున్న సన్నని తీగల గ్రిల్లుకూ ఇదే మాట వర్తిస్తుంది: పెద్ద పిల్లి ఆగవచ్చు గాని, మూడు నెలల పిల్ల తీగల మధ్య నుంచి పక్కకు తిరిగి వెళ్లిపోగలదు.

కిటికీలకు వెల్క్రోతో అతికించే దోమతెర పిల్లికి అడ్డే కాదు. అల్యూమినియం ఫ్రేములో స్క్రూలతో బిగించిన స్టీలు జాలీ కావాలి. జరిపే కిటికీ అయితే జాలీ తలుపు గాడిలో పక్కకు జరగకుండా చిన్న లాక్ కూడా పెట్టించండి, ఎందుకంటే పంజా దూరేంత సందు దొరికితే పిల్లి ఆ తలుపును తానే జరుపుకోగలదు.

[దృశ్యం: బాత్‌రూం వెంటిలేటరు అద్దపు పలకలు; వాటి వెనుక పైపులతో నిండిన చీకటి డక్ట్.]

ఎవరికీ గుర్తురాని చోటు ఇది. మన అపార్ట్‌మెంట్లలో బాత్‌రూం వెంటిలేటర్లు చాలావరకు డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. అద్దపు పలకల్లో ఒకటి ఊడినా, భయపడిన పిల్లి దాక్కోవడానికి అందులోకి దూరుతుంది. ఆ డక్ట్‌లో మనిషి దిగే వీలు చాలాచోట్ల ఉండదు. ఏ అంతస్తు పైపుల మధ్య ఇరుక్కుందో అరుపును బట్టి పోల్చుకోవలసి వస్తుంది. వెంటిలేటరుకు జాలీ కొట్టించండి. ఏసీ పైపు కోసం గోడకు వేసిన కన్నాన్ని, బట్టలు ఉతికే యుటిలిటీలో తెరిచి ఉన్న భాగాన్ని కూడా మూయించండి. ఈ పనులన్నీ పిల్లి రావడానికి ముందే పూర్తి కావాలి. వచ్చాక చేయిద్దాంలే అనుకుంటే, డ్రిల్లింగ్ మోతకు అది మంచం కింద నుంచి రోజుల తరబడి బయటికి రాదు.

[దృశ్యం: దత్తత శిబిరం. బోనుల్లో వేర్వేరు వయసుల పిల్లులు.]

హైదరాబాదులో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ వంటి జంతు సంరక్షణ సంస్థలతో పాటు, తమ ఇళ్లలోనే పిల్లులను తాత్కాలికంగా సాకే ఫోస్టర్లు మన నగరాల్లో చాలామంది ఉన్నారు. దత్తత ఇచ్చే ముందు బాల్కనీ ఫోటో పంపమని, అద్దె ఇల్లయితే యజమాని అంగీకారం ఉందా అని, పిల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తారా అని వారు అడిగితే నొచ్చుకోకండి. అవేవీ అడగకుండా పిల్లిని చేతిలో పెట్టేవారి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. అందరూ పిల్లిపిల్లలనే కోరుకుంటారు గాని, పగలంతా ఉద్యోగానికి వెళ్లే ఇంటికి రెండేళ్లు దాటిన పిల్లి మేలని నా అభిప్రాయం. దాని స్వభావం ఏమిటో ఫోస్టరుకు అప్పటికే తెలిసి ఉంటుంది. పిల్లనే కావాలనుకుంటే ఒకే ఈత పిల్లలు రెండింటిని కలిపి తెచ్చుకోండి, అవి ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి కాబట్టి మీ చేతుల మీది గీతలు తగ్గుతాయి.

సెల్లారులో ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక్కొక్కదాన్నే నోట కరుచుకొని చోటు మారుస్తున్న తల్లి తిరిగి వచ్చేలోపే మనం మధ్యలో దూరి పిల్లను ఎత్తుకుపోతుంటాం. పిల్ల శుభ్రంగా, వెచ్చగా, నిద్రపోతూ ఉంటే దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. ఎనిమిది వారాలలోపు పిల్లను తల్లి నుంచి వేరుచేయకపోవడమే మంచిది. తల్లి నిజంగానే లేదని తేలితే ఆవుపాలు, గేదెపాలు పట్టకండి, వాటితో విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లిపిల్లల కోసమే తయారుచేసే పాలపొడి పెట్‌షాపుల్లో దొరుకుతుంది.

ఇక్కడ మరొక విషయం చెప్పాలి. పిల్లికి మనిషి అలవాటయ్యే వయసు ప్రధానంగా రెండో వారం నుంచి ఏడో వారం వరకు. ఆ దశలో మనిషి చేయి తగలకుండా వీధిలోనే పెరిగి, దగ్గరికి వెళితే పారిపోయే పెద్ద పిల్లిని తెచ్చి ఇంట్లో మూసి ఉంచడం దానికి మేలు చేసినట్లు కాదు. దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా చేయించి, పట్టుకున్న చోటే వదిలి తిండి పెట్టడం ఉత్తమం. ఇంట్లో ఉంచడం గురించి నేను చెప్పేదంతా మనిషి దగ్గర బెరుకు పోయిన, పోగల పిల్లుల గురించే.

[దృశ్యం: చిన్న గది. మూలన అట్టపెట్టె, ఒక పక్క నీళ్లు, తిండి. ఎదురు పక్క లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక పళ్లెం.]

తీసుకువచ్చేటప్పుడు పిల్లిని క్యారియర్‌లోనే, అంటే గాలి ఆడే మూత పెట్టెలోనే, ఉంచండి. ఒడిలో పెట్టుకొని స్కూటరు మీద తేవద్దు. వచ్చిన వెంటనే ఇల్లంతా తిప్పి చూపించకుండా ఒకే గదిలో ఉంచాలి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే కనీసం రెండు వారాలు విడిగా ఉంచడం తప్పనిసరి. కొత్త పిల్లి మొదటి రాత్రి బీరువా వెనుకనో, మంచం కింద గోడమూలనో నక్కి ఉంటుంది. దాన్ని చేయి పెట్టి లాగకుండా మీరు నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, నేరుగా కళ్లలోకి చూడకండి. కాసేపటికి అది మీవైపు మెల్లగా కళ్లు మూసి తెరుస్తుంది. మీరూ అలాగే చేసి, చూపుడువేలును దాని ముక్కు ఎత్తులో ఊరికే చాచి ఉంచండి. వాసన చూసి బుగ్గను వేలికి రుద్దిందంటే ఆ రోజుకు అంతే చాలు. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోను చేయండి. ఒకటి రెండు రోజులకు మించి పస్తు ఉంటే పిల్లికి, అందునా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది.

టీకాల విషయం క్లుప్తంగా చెబుతాను. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి అనే మూడు వైరస్‌లకు కలిపి ఒకే టీకా ఉంటుంది. పిల్లిపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకసారి ఇప్పించాలి; మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. వీటిలో పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది వరకు నిలిచి ఉంటుంది, మామూలు సబ్బునీళ్లకు చావదు. ఇంతకుముందు ఆ జబ్బుతో పిల్లి చనిపోయిన ఇల్లయితే నేలను, గిన్నెలను బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేసి, టీకాలు పూర్తయిన పిల్లినే తెచ్చుకోవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషను ఐదు నెలలు నిండేలోపే చేయించండి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, ఎదకు వచ్చిన పిల్లిని ఏ తలుపూ ఆపలేదు. పిల్లి మిమ్మల్ని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా రేబిస్ భయం ఉంటుంది కాబట్టి ఆ చోటును పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయమని పెద్దవాళ్లు పట్టుబడతారు. వారి భయానికి కారణం కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి. అది పిల్లి మలంతో బయటికి వచ్చాక ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తేనే అంటుకునే స్థితికి చేరుతుంది. కాబట్టి ఇంట్లో మరొకరు ప్రతిరోజూ ట్రే శుభ్రం చేస్తే, పిల్లికి పచ్చిమాంసం పెట్టకపోతే ఆ ముప్పు చాలావరకు తొలగిపోతుంది. ఆ పిల్లి బయట తిరిగి ఎలుకలను తినకుండా ఇంట్లోనే ఉండటం ఇక్కడా మేలే చేస్తుంది.

[దృశ్యం: ఫినాయిల్ సీసా, కలరా ఉండలు, కర్పూరం, పారాసిటమాల్ మాత్రల పట్టీ.]

తలుపులు, కిటికీలు మూసినంత మాత్రాన ఇల్లు సురక్షితమైపోదు. ఫినాయిల్ వంటి వాటిలో ఉండే ఫినాలిక్ పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలను నాకితే ఆ మందు నేరుగా లోపలికి పోతుంది. జ్వరంగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి కూడా పిల్లిని చంపగలదు. కుక్కల పిడుదుల మందుల్లో ఉండే పర్‌మెత్రిన్, బట్టల్లో వేసే కలరా ఉండలు, పూజగదిలో కర్పూరం, పూలకుండీలో లిల్లీ మొక్క కూడా విషాలే. లిల్లీ పుప్పొడి ఒంటికి అంటి, దాన్ని నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. తిండి దగ్గరికి వస్తే, శాకాహారుల ఇంట్లో పెరుగన్నంతో పిల్లి బతుకుతుందనుకోవడం దానికి అన్యాయం చేయడమే. టారిన్ అనే పోషకం పిల్లికి తిండి నుంచే అందాలి, అది సహజంగా దొరికేది మాంసంలో. అది లోపిస్తే గుండె కండరం దెబ్బతింటుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 1987లో నిరూపించారు, చూపు కూడా పోతుంది. ఇంట్లో మాంసం వండనివారు దుకాణంలో దొరికే సంపూర్ణ పిల్లి ఆహారం పెట్టవచ్చు.

మరి రోజంతా నాలుగు గోడల మధ్య దానికి విసుగు పుట్టదా? ఏమీ చేయకపోతే పుడుతుంది, అప్పుడు సోఫా చిరుగుతుంది. బీరువా పైదాకా ఎక్కడానికి మెట్లలా రెండు అరలు కొట్టండి, బల్లకాలికి గోనెపట్టా గట్టిగా చుట్టి గోళ్లు గీరుకోవడానికి వదలండి. పొద్దున, సాయంత్రం తిండికి ముందు పది నిమిషాలు ఈకలు కట్టిన కర్రతో వేటాడించండి. దీపావళి వారమంతా కిటికీలు మూసి, దాక్కునే పెట్టెను లోపలి గదిలో ఉంచండి.

[దృశ్యం: తెరిచి ఉన్న వీధి తలుపు, గ్యాస్ సిలిండరు దింపుతున్న మనిషి.]

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక రోజు తలుపు తెరిచి ఉంటుంది. అలా జారిపోయిన ఇంటిపిల్లి ఊరు దాటిపోదు. తప్పిపోయి దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు 500 మీటర్లలోపే దొరికాయని 2018లో వెలువడిన ఒక పరిశోధన చెబుతోంది. కాబట్టి పోస్టరు వేయించే ముందు అన్ని అంతస్తుల మెట్లు, సెల్లారులో కార్ల కింద, జనరేటరు వెనుక వెతకండి. పగలు పిలిచినా పలకని పిల్లి రాత్రి అలికిడి తగ్గాక టార్చి వేస్తే కళ్ల మెరుపుతో బయటపడుతుంది. వాచ్‌మన్‌కు ఫోటో చూపించి, కార్లు తీసేవాళ్లను ముందుగా బానెట్ తట్టమని అడగండి.

చివరగా మగపిల్లిని పెంచేవారికి ఒక హెచ్చరిక. అది పదేపదే ట్రేలోకి వెళ్లి, వంగి కూర్చుని, ముక్కుతూ, చుక్క మూత్రం కూడా పోయకుండా బయటికి వస్తుంటే మలబద్ధకం అనుకొని ఊరుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయిన పిల్లి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. రాత్రి పన్నెండయినా వైద్యుడి దగ్గరికి బయలుదేరవలసిందే. అందుకే రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఇప్పుడే తెలుసుకొని, ఆ నంబరును ఫ్రిజ్ తలుపుకు అంటించి పెట్టుకోండి.