ఎగ్జిమా క్రీమ్: ఎంత పూయాలి, ఎన్ని రోజులు పూయాలి

నమస్కారం. మోచేతి మడతలో, మోకాలి వెనక, మెడ చుట్టూ ఒకటే దురద. గోకితే రసి కారుతుంది. మానిందనుకుంటే మళ్లీ అక్కడే మొదలవుతుంది, చర్మం మొద్దుబారి నల్లబడుతుంది. ఇది ఎగ్జిమా అయితే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. కానీ మందు సరైనదే అయినా, పూసే తీరు తప్పి చాలామందికి తగ్గదు. అందుకే ఇవాళ కొలత చేతి మీదే చూపిస్తాం.

చర్మం పైపొరలో ఉండే కొవ్వులూ ఫిలాగ్రిన్ అనే ప్రొటీనూ ఒంట్లో తేమ బయటికి పోకుండా కాపాడతాయి. ఎగ్జిమాలో ఈ పొర బలహీనంగా ఉంటుంది. తేమ బయటికి పోతుంది, సబ్బూ దుమ్మూ లోపలికి దిగుతాయి, వాపు, దురద మొదలవుతాయి. గోకినకొద్దీ పొర ఇంకా చిట్లుతుంది. ఇది అంటుకోదు. బిడ్డను వేరే పక్కలో పడుకోబెట్టాల్సిన పని లేదు. ఇంకో సంగతి, మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనిపించదు, ముదురు గోధుమగానో ఊదాగానో ఉంటుంది. ఎర్రగా లేదు కదా అని వదిలేయకండి.

దురద పెట్టేదల్లా ఎగ్జిమా కాదు. గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో మానినట్టుంటే తామర కావచ్చు, అంటే ఫంగస్. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులుండి, ఇంట్లో అందరికీ ఉంటే గజ్జిని అనుమానించాలి. మోచేతి బయటివైపు, తలలో తెల్లటి పొలుసులు దట్టంగా రాలితే సోరియాసిస్ కావచ్చు.

ఇక్కడే పెద్ద నష్టం జరుగుతోంది. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, దురదకు ఒక ట్యూబ్ ఇయ్యి" అంటే, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబ్ చేతిలో పెడతారు. తామర మీద అది పూస్తే దురద ఆగుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. అంచు చెరిగిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. 2018లో ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది ఇందుకే. చీటీ లేకుండా అడగొద్దు.

ఇక స్నానం. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలకు మించొద్దు. సున్నిపిండి, పీచు పక్కన పెట్టండి, రుద్దితే పొర చిట్లుతుంది. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు బోరునీళ్లే. ఆ ఉప్పునీళ్లలో నురగ రాదని సబ్బు ఎక్కువ రాస్తాం, అది ఒంటి మీదే మిగిలిపోతుంది. సబ్బుకు బదులు వాసన లేని, మెత్తని క్లెన్సర్ వాడండి. తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు తడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయండి. ఒళ్లంతా పొడిబారిన పెద్దవాళ్లకు వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. 50 గ్రాముల ట్యూబ్ నెలంతా వస్తోందంటే పూసింది చాలదన్నమాట. ఖరీదు ముఖ్యం కాదు, సాదా పెట్రోలియం జెల్లీ డబ్బా అయినా చాలు.

ఇప్పుడు స్టెరాయిడ్ క్రీమ్, అంటే ఎగ్జిమా వాపు తగ్గడానికి డాక్టరు రాసేది. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. పెద్దవాళ్ల చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా, ట్యూబ్ నుంచి ఒక వరుసగా పిండాలి. అది అర గ్రాము. వేళ్లు దగ్గరగా కలిపిన రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. భుజం నుంచి మణికట్టు దాకా చేతికి ఇలాంటివి మూడు, తొడ నుంచి చీలమండ దాకా కాలికి ఆరు. మాయిశ్చరైజర్‌కూ దీనికీ కనీసం పావుగంట ఎడం ఉంచండి.

ఎన్ని రోజులు? డాక్టరు చెప్పినన్ని రోజులు. మామూలుగా ఒకటి రెండు వారాలు. దురద ఆగిందని మూడో రోజే ఆపేస్తే లోపలి వాపు మిగిలే ఉంటుంది, మళ్లీ లేస్తుంది. కళ్లు మూసుకుని వేలితో తడమండి. గరుకు పోయి నున్నగా తగిలితే వాపు తగ్గినట్టే. నల్లమచ్చ మాత్రం నెలల తరబడి ఉంటుంది. దాని కోసం స్టెరాయిడ్ సాగదీయకండి, చర్మం పలచబడి చారలు పడతాయి. ముఖానికి, కనురెప్పలకు, గజ్జలకు క్లోబెటసాల్ లాంటి ఘాటైన మందు సొంతంగా అసలే వద్దు. అక్కడ డాక్టర్లు తరచూ టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని పూతమందు రాస్తారు. మొదటి రోజుల్లో మండుతుంది, భయపడి మానకండి.

మాటిమాటికీ అదే చోట వస్తుంటే, తగ్గాక కూడా వారానికి రెండు రోజులు స్టెరాయిడ్ క్రీమ్ అక్కడే పూయమని కొందరికి చెబుతారు. అడిగి తెలుసుకోండి.

కనురెప్పలు, మెడ, మోచేతి మడతలకే ప్రతి ఏటా తిరగబెడితే ఇంటి చుట్టూ ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ కలుపు మొక్క ఉందేమో చూడండి. దాని పొడి గాలికి వచ్చి ఒంటి మీద పడుతుంది. గిల్టు నగ తగిలిన చోటే దురద ఉంటే నికెల్‌ను అనుమానించాలి. రెంటికీ ప్యాచ్ టెస్ట్ ఉంది, అంటే అనుమానమున్న పదార్థాన్ని వీపు మీద అంటించి పడుతుందో లేదో చూస్తారు.

పసుపు రంగు పెచ్చులు కట్టినా, చీము పట్టినా డాక్టరును కలవండి. జ్వరంతో పాటు, ఒకే సైజు పొక్కులు, గుండ్రంగా చిన్న గుంట పడినట్టుండే పుండ్లు గుంపుగా లేస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. పసిపిల్లలకు ప్రాణాంతకం కూడా కావచ్చు. ఓపీ కోసం తెల్లారేదాకా ఆగకుండా, దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి ఆ రాత్రే వెళ్లండి. వాడుతున్న ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి.