ఎన్ని ఫోన్లు కాదు, తీగకి ఏమేం తగిలించారు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, నన్ను పిలిచినవాళ్ళకి, ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ థాంక్స్. నాకిచ్చిన టాపిక్ ఇంట్లో ఇంటర్నెట్ జాగ్రత్తలు, వైఫై పాస్‌వర్డ్ ల గురించి కూడా చెప్పమన్నారు, వీలైతే చెప్తా, కానీ ముందు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా గురించి మాట్లాడకపోతే నా మనసు ఒప్పుకోదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, ఒక పక్క చిన్న తోక, రెండో పక్క ఒకటో రెండో కన్నాలు. ల్యాండ్‌లైన్ ఫోన్ తీగ మీదే నెట్ వచ్చే ఇళ్ళల్లో, ఆ తీగ నుంచి నెట్ అందుకునే మోడెమ్ కొన్నప్పుడు అట్టపెట్టెలో అడుగున ఉంటుంది. చాలా ఇళ్ళల్లో అక్కడే ఉండిపోతుంది కూడా. దాన్నే ఫిల్టర్ అంటారు.

నేను చాలా ఏళ్ళు ఫోన్ లైన్ల పని చేశాను. రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, ఈ డబ్బా నిజంగా అవసరమా, లేకపోయినా నెట్ వస్తోంది కదా అని. వస్తుంది, నిజమే. వచ్చినట్టే వచ్చి ఏడిపిస్తుంది.

సంగతేంటంటే, మీ ఇంటికొచ్చేది రెండు రాగి తీగలు, అంతే. మన మాట వాటి మీద 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలో, అంటే సెకనుకి అన్ని ఊపులతో, నడుస్తుంది. ఇలా ఫోన్ తీగ మీద వచ్చే నెట్ నే ఏడీఎస్ఎల్ అంటారు, దాని డేటా అదే తీగల మీద సుమారు 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1104 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, దాని తర్వాతొచ్చిన వేగమైన రకం ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా. ఆ మేరనంతా 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కోదాని మీద కొంత డేటా ఎక్కిస్తారు. చూడండి, మనం గంటలకొద్దీ మాట్లాడే మాటంతా కలిపి అలాంటి ఒక్క ముక్కలో పట్టేస్తుంది! అంటే కింద మాట, పైన డేటా, మధ్యలో ఖాళీ, ఒకదాని జోలికి ఇంకోటి పోదు.

మరి గొడవెక్కడ? ఫోన్ దగ్గర. 25 కిలోహెర్ట్జ్ మన చెవికి వినపడదు కదా, మరి ఫోన్లో బుస్సుమని మోత ఎందుకొస్తుందని ఒకాయన నన్ను గట్టిగా అడిగాడు, మంచి ప్రశ్న. ఫోన్ లోపల డయోడ్లు, ట్రాన్సిస్టర్లు ఉంటాయి, అవి ఆ పై సిగ్నల్ ని ఉన్నదున్నట్టు వదిలిపెట్టవు, వంకర చేసి కొంత మన వినికిడిలోకి దించేస్తాయి, ఆ మోత అదే. ఇది ఫోన్ కి జరిగే నష్టం. నెట్ కి జరిగే నష్టం ఇంకా పెద్దది, రిసీవర్ ఎత్తగానే ఫోన్ లైన్ కి అడ్డంగా పడి డేటా సిగ్నల్ ని కొంత తినేస్తుంది, మోడెమ్ అప్పటిదాకా కొలుచుకున్న లైన్ ఒక్కసారిగా మారిపోతుంది. రింగ్ వచ్చినప్పుడైతే పదుల వోల్టుల కరెంటు అటూ ఇటూ ఊగుతుంది, ఫిల్టర్ లేని ఫోన్ ఆ ఊపంతా చెత్తగా మార్చి లైన్ మీదకి తిప్పికొడుతుంది. మోడెమ్ లింక్ వదిలేస్తుంది, మళ్ళీ మొదట్నుంచి లైన్ కొలుచుకుని పైకి రావాలి.

ఫిల్టర్ లో ఉండేదల్లా తీగచుట్టలు, కెపాసిటర్లు. ఫోన్ కి వెళ్ళే దారిలో తీగచుట్ట ఉంటుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది ఎక్కువ అడ్డుకుంటుంది, మాటకి దారిచ్చి డేటాని ఆపుతుంది. అది దాటి ఏ కొంచెం వచ్చినా రెండు తీగల మధ్యనున్న కెపాసిటర్ పక్కకి లాగేస్తుంది. చాలామంది దీన్ని జల్లెడ అంటారు, నాకా మాట నచ్చదు, జల్లెడ అనగానే నెట్ ని జల్లించి శుభ్రం చేస్తుందేమో అనుకుని మోడెమ్ ని తీసుకెళ్ళి ఫోన్ కన్నంలో పెడతారు. అలా పెడితే డేటా మొత్తం అక్కడే ఆగిపోతుంది. ఫిల్టర్ ఫోన్ కోసం. మోడెమ్ కి తన ఫిల్టర్ లోపలే ఉంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెప్తా. ఒక రిటైరైన మాస్టారు, ఆయన భార్య. కొడుకు దూరదేశంలో, మనవడిని చూసుకునేది వీడియో కాల్ లోనే. కాల్ మధ్యలో నెట్ పోయేది. ఫిర్యాదు నాకొచ్చింది. మాస్టారూ, ఇంట్లో ఎన్ని ఫోన్లు అని అడిగా. ఒకటే బాబూ అన్నారు. ఫిల్టర్ పెట్టారా అన్నా, పెట్టాను అన్నారు, చూశా, ఉంది. మోడెమ్ మార్చమన్నా, మార్చారు. లైన్ పాతది, బయట తీగ మార్చాలి అన్నా, అదీ మార్చారు. నెలలు గడిచాయి. ఒకరోజు ఆవిడ మాటల్లో, పిల్లాడితో మాట్లాడేటప్పుడు రిసీవర్ తీసి పక్కన పెడుతున్నాం నాయనా, అలా అయితే తెగట్లేదు అంది.

అప్పుడు వెలిగింది నాకు. రిసీవర్ తీసిపెడితే రింగ్ రాదు. అంటే తెంపుతున్నది రింగే. ఫోన్ కి ఫిల్టర్ ఉంది, మరి రింగ్ ఇంకెక్కడ మోగుతోంది? వెనక వసారాలో పైన, చూరు కింద, ఒక పెద్ద గంట. ఆవిడకి వినికిడి తక్కువని ఎప్పుడో బిగించారు, ఫోన్ తీగ నుంచే చీల్చి. ఇది చెప్పలేదేం మాస్టారూ అంటే, అది ఫోన్ కాదు కదా బాబూ, గంట కదా అన్నారు. ఆయన చెప్పింది కరెక్టే. తప్పు ప్రశ్న అడిగింది నేను. ఎన్ని ఫోన్లు అన్నాను గానీ తీగకి ఏమేం తగిలించారు అని అడగలేదు, ఆ గంటకి ఒక్క ఫిల్టర్ పెడితే పోయేదానికి ఆ ముసలివాళ్ళు నెలల తరబడి మనవడి మొహం సగంలో ఆగిపోతుంటే చూశారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధే.

అందుకని అడుగుతున్నా, దయచేసి లెక్కపెట్టండి. ఫోన్, కార్డ్‌లెస్ బేస్, ఫ్యాక్స్, కాలర్ ఐడీ డబ్బా, కార్డు గీకే మెషిన్, గంట, అన్నీ. అదే తీగ మీద వేలాడే ప్రతిదానికీ ఫిల్టర్ కావాలి, అది కాలర్ ఐడీ డబ్బాకి ముందు ఉండాలి గానీ వెనక కాదు. వస్తువులు మరీ ఎక్కువుంటే విడివిడిగా పెట్టొద్దు, ఫిల్టర్లు ఎక్కువైనా లైన్ మీద భారమే, లైన్ ఇంట్లోకి వచ్చేచోటే ఒక పెద్ద స్ప్లిటర్ పెట్టించి ఒక కొమ్మ మోడెమ్ కి, ఒక కొమ్మ ఫోన్లన్నిటికీ ఇవ్వండి, ఫోన్ల కొమ్మకి ఫిల్టర్ ఆ స్ప్లిటర్ లోపలే ఉంటుంది, అప్పుడు విడి ఫిల్టర్లు అక్కర్లేదు. మీ లైన్ మీద ఫోనే లేదు, డేటా ఒక్కటే అంటే అసలు అక్కర్లేదు. ఫైబర్ కి అక్కర్లేదు. రౌటర్ వెనక ఫోన్ కన్నంలో పెట్టిన ఫోన్ కీ అక్కర్లేదు. వీడీఎస్ఎల్, అంటే అదే తీగ మీద ఇంకా వేగంగా వచ్చే నెట్ ఉన్నవాళ్ళు మాత్రం పాత ఏడీఎస్ఎల్ ఫిల్టర్ తో సరిపెట్టుకోకండి, వీడీఎస్ఎల్ డేటా 17 మెగాహెర్ట్జ్ దాకా కూడా పోతుంది, దానికి తగ్గ ఫిల్టర్ కొనుక్కోండి.

అనుమానం ఉంటే అన్నీ పీకేసి మోడెమ్ ఒక్కటే మొదటి సాకెట్ లో పెట్టి ఒక రోజు చూడండి. నిలబడితే ఒక్కొక్కటీ తగిలించుకుంటూ రండి, దేనికి తెగిందో దొరికిపోతుంది. పాస్‌వర్డ్ లకి టైం లేదిక, క్షమించాలి.

ఆ వెనక చెయ్యెత్తినాయన, ఏమన్నారు? దొంగల అలారమా? ఫోన్ లైన్ కేనా? చూడండి, నేనూ మర్చిపోయా. అలారం పెట్టె లైన్ ని ముందు తన చేతిలోకి తీసుకుని తర్వాతే ఇంట్లోకి వదులుతుంది, అందుకే స్ప్లిటర్ దానికంటే ముందు రావాలి. ఇంటికెళ్ళి ముందు అది చూడండి.